తగ్గించే పెట్టె

పాటను దాచేది రికార్డు, పలికేది స్పీకరు. ఆ రెంటి మధ్య ఊరికే కూర్చున్నట్టుండే ప్రీఆంప్‌కు లక్షలు ఎందుకు? ఆరేళ్లుగా ఒకదానితో కాపురం చేస్తున్న శ్రోత అనుభవం ఈ వారం ముఖచిత్ర కథనం.

రాత్రి తొమ్మిదిన్నరకు స్విచ్చి వేస్తాను. పాట వెంటనే రాదు. ముందు పలక మీద బఠాణీ గింజంత ఎర్రదీపం కొట్టుకుంటూ ఉంటుంది. మూత సందుల్లోంచి లోపలికి చూస్తే నాలుగు గాజుబుడ్ల అడుగున అగరొత్తి కొసల్లాంటి నారింజ చుక్కలు. 45 సెకన్లకు లోపలెక్కడో ‘టక్’మని రిలే పడుతుంది, దీపం నిలకడపడుతుంది. ఈ పెట్టె మా ఇంటికొచ్చిన కొత్తలో మా అమ్మాయి నాలుగో తరగతి. ఆ 45 అంకెలూ గట్టిగా లెక్కపెట్టి ‘టక్’ దగ్గర చప్పట్లు కొట్టేది. ఇప్పుడు పదో తరగతి. ‘టక్’ వినపడగానే లేచి తన గది తలుపు దగ్గరకు వేసుకుంటుంది.

చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. వంటింటి పీట కంటే కాస్త వెడల్పు, జానెడు లోపు ఎత్తు, పదకొండు కిలోల బరువు. ముందు రెండు నాబులు. ఎడమది ఏది వినాలో చెబుతుంది: రికార్డా, సీడీయా, ఫోన్లోంచి వచ్చే పాటా. కుడిది వాల్యూమ్. అంతే. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ స్పీకర్లను మెచ్చుకుని, తిరిగే రికార్డును వింతగా చూసి, చివర్న దీని దగ్గర ఆగుతాడు.

‘‘పాడేది ఇదేనా?’’

‘‘కాదండీ.’’

‘‘అయితే సౌండు పెంచుతుందన్న మాట.’’

ఇక్కడే నేను ఇరుక్కుంటాను. ఎందుకంటే నిజానికి ఇది ఎక్కువ సేపు చేసేది సౌండు తగ్గించడం.

లెక్క సులువే. సీడీ ప్లేయరు గరిష్ఠంగా 2 వోల్టుల సిగ్నల్ ఇస్తుంది. స్పీకర్లను తోసే పవర్ ఆంప్ తన బలమంతా చూపడానికి మామూలుగా ఒకటి నుంచి రెండు వోల్టులు చాలు. అంటే మధ్యలో ఏమీ లేకుండా సీడీని నేరుగా దానికి తగిలిస్తే మొదటి చరణం పూర్తయ్యేలోపు అపార్ట్‌మెంట్ సెక్రటరీ మన గుమ్మంలో ఉంటాడు. రాత్రిపూట హాల్లో వినే పాటకు ఆ వోల్టుల్లో పదోవంతు కూడా అక్కర్లేదు. మిగతాదాన్ని పాట చెడకుండా వదిలించుకోవాలి. ‘‘వదిలించుకోవడానికి ఇంత ఖర్చా?’’ అని మా ఆవిడ అడిగింది. జవాబు కోసం ఇంకా వెతుకుతున్నాను.

‘చెడకుండా’ అన్న మాటలోనే ఉంది అసలు పని. చవక వాల్యూమ్ నాబ్‌ను బాగా కిందికి తిప్పి చూడండి. లోపల ఎడమ స్పీకరుకు ఒక పట్టీ, కుడిదానికి ఒక పట్టీ ఉంటాయి. అడుగు భాగంలో అవి రెండూ సమంగా ఉండవు. మధ్యలో నిలబడి పాడుతున్న మనిషి కాస్త ఎడమకు జరిగి గోడకు ఆనుకున్నట్టు వినిపిస్తాడు. అందుకే ఖరీదైన వాటిలో పట్టీ బదులు మెట్లు పెడతారు. ఒక్కో మెట్టుకు కొలిచి ఏరిన రెసిస్టర్లు. నా పెట్టెలో 24 మెట్లు. తిప్పుతుంటే మంచి గోద్రెజ్ తాళం పడినట్టు వేళ్లకు తెలుస్తుంది. దానికీ ఒక తంటా ఉంది, చివర్లో చెబుతాను.

తగ్గించినప్పుడు చెవి కూడా మోసం చేస్తుంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన హార్వే ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. ధ్వని సన్నబడే కొద్దీ మన చెవికి మధ్య స్వరాల కంటే మంద్రం త్వరగా జారిపోతుంది. పాత స్టీరియోల మీద ‘లౌడ్‌నెస్’ అని ఒక బటన్ ఉండేది గుర్తుందా? అది గోల పెంచడానికి కాదు, నెమ్మదిగా వినేటప్పుడు ఆ జారిపోయిన మంద్రాన్ని తిరిగి తేవడానికి. మనవాళ్లు దాన్ని పూర్తి వాల్యూమ్‌లో నొక్కి ఉంచేవారు, అది వేరే సంగతి. హై-ఎండ్ వాళ్లకు ఆ బటన్ అంటే చిన్నచూపు. బాస్, ట్రెబుల్ నాబులు కూడా తీసేశారు. పాట మీద చెయ్యి పెట్టకూడదన్నది వాళ్ల మడి. రాత్రిపూట మృదంగం తొప్పి వినపడక వెతుక్కునే నాకు ఆ మడి మీద పెద్ద గౌరవం లేదు.

మైకుసెట్టు నుంచి మారాంట్జ్ దాకా

నేను మొదట చూసిన ఆంప్లిఫయరు మా ఊరి శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు వాడిది. చింతచెట్టుకు కట్టిన రెండు బాకా హారన్లు, కింద బల్ల మీద బూడిద రంగు ఇనప పెట్టె. దాని మీద నాలుగైదు నాబులు: మైకు ఒకటి, మైకు రెండు, గ్రామఫోను, ఆ పక్కన ఇంకేవో. మా పిల్లమూకలో ఎవరి చెయ్యి అటు వెళ్లినా వాడి చెయ్యి లేచేది. రికార్డు పాడుతుండగా పంతులుగారు గొంతు సవరించుకుంటే చాలు, అటు చూడకుండానే పాటను దించి, మైకును లేపేవాడు. ఆ పెట్టె ముందు సగం ప్రీఆంప్, వెనక సగం పవర్ ఆంప్ అని తెలియడానికి నాకు ముప్పయ్యేళ్లు పట్టింది.

రెంటినీ విడదీసి ఎందుకు అమ్ముతారంటే, రికార్డు ముల్లు నుంచి వచ్చే సిగ్నల్ అంత పలచనిది కాబట్టి. మూవింగ్ కాయిల్ రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది సుమారు 0.3 మిల్లీవోల్టు. ఒక వోల్టును మూడు వేల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. దాన్ని వెయ్యి రెట్లు పెంచితే గాని సీడీ పక్కన నిలబడలేదు. వెయ్యి రెట్లు పెరిగేది పాట ఒక్కటే కాదు. పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ రొద, గోడలోని వైర్ల గుసగుస, అన్నీ దానితోపాటే పెరుగుతాయి. అందుకే చంటిబిడ్డ ఉయ్యాలను వంటింటి పొయ్యికి దూరంగా కట్టినట్టు, ఈ చిన్న సిగ్నల్‌ను పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా వేరే పెట్టెలో ఉంచారు.

రికార్డు విషయంలో ఇంకో తిరకాసు ఉంది. మంద్రాన్ని ఉన్నది ఉన్నట్టు చెక్కితే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి పక్క గాడిలో పడుతుంది. అందుకని చెక్కేటప్పుడే మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచుతారు. వినేటప్పుడు ప్రీఆంప్ ఆ లెక్కను తిరగేయాలి. ఎంత తిరగేయాలంటే, 20 హెర్ట్‌జ్ దగ్గరికీ 20 వేల హెర్ట్‌జ్ దగ్గరికీ మధ్య తేడా దాదాపు వంద రెట్లు. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ‘ఆర్‌ఐఏఏ’ పేరుతో 1954లో ఈ లెక్కకు ఒక ప్రమాణం వచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. కొలంబియా రికార్డుకు పనికొచ్చిన నాబు ఆర్‌సీఏ రికార్డుకు పనికిరాదు.

ఆ గందరగోళంలోంచే ఇంటి ప్రీఆంప్ పెద్దదైంది. న్యూయార్క్‌లోని క్యూ గార్డెన్స్‌లో సాల్ మారాంట్జ్ అనే గ్రాఫిక్ డిజైనర్ ఉండేవాడు. సంగీతప్రియుడు. బజారులో దొరికేవి నచ్చక 1950ల తొలినాళ్లలో ఇంట్లోనే ఒక పెట్టె కట్టుకున్నాడు. ఆ కంపెనీల లెక్కలన్నిటికీ తగ్గట్టు నాబులు పెట్టి ‘ఆడియో కన్సోలెట్’ అని పేరు పెట్టాడు. అడిగేవాళ్లు ఎక్కువై చివరికి కంపెనీ పెట్టాల్సి వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో అదే కంపెనీ నుంచి వచ్చిన ‘మోడల్ 7’లో ఆరు ఈసీసీ83 వాల్వులు, నా పెట్టెలో వెలిగే గాజుబుడ్లలాంటివే. ఆ సర్క్యూట్‌ను ఇప్పటికీ నకలు చేసేవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో పీటర్ వాకర్ క్వాడ్ పెట్టెలు, తర్వాత 1970ల్లో అమెరికాలో విలియం జేన్ జాన్సన్ ఆడియో రీసెర్చ్ వాల్వు ప్రీఆంప్‌లు, మార్క్ లెవిన్సన్ ట్రాన్సిస్టర్ ప్రీఆంప్‌లు వచ్చాయి. లెవిన్సన్‌ది వచ్చాకే ఈ పెట్టెకు ఆభరణం ధర వచ్చిందంటారు. ఈ రోజున కొత్తది కొనాలంటే లక్షల్లో మాట. పాతిక లక్షలు దాటినవీ ఉన్నాయి. వాటిని షోరూములో కూర్చుని విన్నాను, టీ తాగాను, వచ్చేశాను.

న్యూజెర్సీ నుంచి కోఠీ మీదుగా

నాది సెకండ్ హ్యాండ్. న్యూజెర్సీలో ఉండే మా బావమరిది ఒక ముసలాయన దగ్గర కొని తెచ్చాడు. 23 కిలోల సూట్‌కేసులో సగం ఇదే. ‘‘నీ పెట్టె కోసం నా బట్టలు అక్కడే వదిలేశాను బావా’’ అని ఇప్పటికీ దెప్పుతాడు. ఖరీదు 1,800 డాలర్లు. ఇంట్లో 800 అని చెప్పాను. నెల తిరక్కుండానే వీడియో కాల్‌లో వాడు ‘‘పద్దెనిమిది వందలకు అది చవకే అక్కా’’ అనేశాడు. మా ఆవిడ రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు కాఫీ ఇస్తూ, ‘‘మిగిలిన వెయ్యి డాలర్లకు నాకేం కొంటున్నారు?’’ అంది.

పెట్టె విప్పిన ఉత్సాహంలో ప్లగ్గు చేతిలో పట్టుకుని సాకెట్ దాకా వెళ్లాను. వెనక చిన్న అక్షరాలతో ‘120 వోల్టులు, 60 హెర్ట్‌జ్’ అని ఉంది. మన గోడల్లో ఉన్నది 230, 50. పెట్టి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. అమెరికా నుంచి మిక్సీలు, రైస్ కుక్కర్లు తెచ్చుకుని కాల్చుకున్న ఇళ్లు మనకు తెలుసు కదా. మర్నాడు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. ఇటుకంత ఉంది, ఇటుకంత బరువూ ఉంది, స్విచ్చి వేస్తే కందిరీగలా జుమ్మంటుంది. దాన్ని బీరువా వెనక పెట్టాను.

తర్వాత మొదలైంది హమ్. స్పీకర్లలోంచి ‘మ్మ్’ అని ఒకటే శ్రుతి, తంబురా వేసినట్టు. పైగా పెట్టె మూత మీద మణికట్టు ఆనిస్తే జిల్లుమంటోంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. సాకెట్ విప్పి టెస్టర్ పెట్టి, నా వైపు జాలిగా చూశాడు.

‘‘సార్, మూడు రంధ్రాలు ఉత్తగ సూపుకే. పైదాన్ల వైరే లేదు.’’

‘‘పదేళ్లుగా ఈ ఇంట్లో ఉంటున్నామయ్యా.’’

‘‘ఉంటరు సార్. ఫ్రిజ్జు గొడవ చెయ్యదు గదా, మీ డబ్బనే గొడవ చేస్తుంది.’’

మీటరు బోర్డు నుంచి ఎర్త్ వైరు లాగాడు. జిల్లు పోయింది. ‘మ్మ్’ సగం తగ్గింది. మిగతా సగానికి మూడు వారాలు పట్టింది. ఒక్కో తీగా పీకుతూ, పెడుతూ, చివరికి టీవీ నుంచి వచ్చే తీగ పీకితే ఆగింది. కేబుల్ టీవీ వాడి వైరు డాబా మీద నుంచి తనదైన ఎర్త్ ఒకటి మోసుకొస్తోంది. మన ఎర్త్‌కూ దానికీ మధ్య ఒక చుట్టు ఏర్పడి, అందులో కరెంటు తిరుగుతోంది. ఇద్దరు పెద్దమనుషులు తీర్పు చెబితే ఊళ్లో పంచాయితీ తెగదే, అలాగన్న మాట. అప్పట్నుంచి సీరియళ్ల శబ్దం టీవీ సొంత స్పీకర్లలోంచే. ఈ నిర్ణయం ఏకగ్రీవం కాదు.

హమ్ ఆగిన రాత్రి వాల్యూమ్ పూర్తిగా పెంచి స్పీకరుకు చెవి ఆనించాను. లోపల సన్నటి ‘స్స్’ తప్ప ఏమీ లేదు. సంతోషంగా సోఫాలోకి వచ్చి చిట్టిబాబు వీణ రికార్డు పెట్టాను. మెట్ల మీద వేలు జరిగే జీర, మీటిన తీగ ఆరిపోతూ ఆరిపోతూ ఉండే ఆ చివరి మంద్రం కోసం ఊపిరి బిగబట్టాను. వినపడింది ఫ్యాను. ఇన్నేళ్లు మా ఇంట్లో ఫ్యానుకు చప్పుడుందని నాకు తెలియదు. 5 మీద పెడితే తీగ మోత సగానికి తెగిపోతోంది, 2 మీద పెడితే నిలుస్తోంది. మే నెలలో హైదరాబాదులో 2 మీద ఫ్యాను పెట్టుకుని వీణ వినడం తపస్సు కిందికే వస్తుంది.

ఆవాల చిటపట

మూడో ఏట ఒక సాయంత్రం వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. ‘‘ఏమండీ, మీ పెట్టె నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతోంది.’’ రికార్డు మీది దుమ్మేమోలే అన్నాను. ‘‘రికార్డు అయిపోయి పది నిమిషాలైంది’’ అంది. నిజమే. ఎడమ స్పీకరులో పోపు పడుతోంది.

వాల్వులకు ఆయుష్షు ఉంటుంది. ప్రీఆంప్‌లో వాడే చిన్న వాల్వులు అయిదు వేల గంటల నుంచి పది వేల గంటల దాకా పనిచేస్తాయని అంచనా. రోజూ మూడు గంటలు వింటే ఏడాదికి వెయ్యి పై చిలుకు. నా ముందు ఆ ముసలాయన ఎంత విన్నాడో ఎవరికెరుక. ఏది చెడిందో కనిపెట్టడానికి యంత్రమేమీ అక్కర్లేదు. స్విచ్చి ఆపాలి. తీగ పీకాలి. ఆపినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టులు నిలవ ఉంటాయి కాబట్టి తొందరపడకూడదు. నేను ఆ రాత్రికి వదిలేసి మర్నాడే మూత తీశాను. ఎడమ వైపు వాల్వును కుడి వైపు, కుడి వైపుదాన్ని ఎడమ వైపు మార్చి మళ్లీ వేశాను. పోపు కుడి స్పీకరులోకి వెళ్లింది. దొంగ దొరికాడు.

ఆ గాజుబుడ్డిని దీపం కింద పట్టుకుని చూశాను. చిటికెన వేలంత ఉంటుంది. నెత్తిన అద్దం పూసినట్టు వెండి మెరుపు. బేరియం పూత అది, లోపల మిగిలిన గాలిని పీల్చుకోవడానికి. గాజు చిట్లి గాలి చొరబడితే ఆ మెరుపు పాలలా తెల్లబడుతుంది. నాదింకా మెరుస్తూనే ఉంది. గాలి చొరబడలేదు, లోపలి పనే పాడైంది. మూత తీసినప్పుడు ఒక మూల ఎండిన బల్లి గుడ్డు పెంకు కూడా కనపడింది. వెచ్చగా ఉంటుందని చేరినట్టుంది. బల్లి తల మీద పడితే ఏమిటి, భుజం మీద పడితే ఏమిటి అని పంచాంగంలో ఉంది గాని, వాల్వు మీద గుడ్డు పెడితే ఏమిటో లేదు.

కొత్త వాల్వులు రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తాయి. తెప్పించుకోవచ్చు. ఈలోగా తెలిసినవాళ్లు చెబితే మైకుసెట్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. దుకాణం మూసేసి చాలా కాలమైంది. మంచం కింది నుంచి రేకుపెట్టె లాగి, పాత వార్తాపత్రికల్లో చుట్టిన వాల్వులు ఒక్కొక్కటే విప్పారు. అట్టడబ్బా మీద బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ముద్ర, పక్కన ఈసీసీ83. అమెరికావాళ్లు 12ఏఎక్స్7 అనేదీ, యూరప్‌వాళ్లు ఈసీసీ83 అనేదీ ఒకటే వాల్వు. 1954లో రక్షణ శాఖ కింద పుట్టిన ఆ సంస్థ, ట్రాన్సిస్టర్లు ఇంకా రాజ్యమేలని రోజుల్లో మన రేడియోలకూ మైకుసెట్లకూ వీటిని చేసింది.

‘‘ఎంతివ్వమంటారండీ?’’ అన్నాను.

‘‘హారన్లే కొనేవాడు లేడు బాబూ, వాల్వుకు ధరేమిటి? పని చేస్తే ఒక ఫోన్ కొట్టు.’’

రెండు తీసుకున్నాను. వేసి, పెన్సిల్ వెనక వైపుతో మెల్లగా తట్టాను. మామూలుగా కొన్ని వాల్వులు తడితే స్పీకరులో గంట కొట్టినట్టు ‘టింగ్’ అంటాయి. ఇవి అనలేదు. ఫోన్ కొట్టాను. ‘‘అనదు. మా మైకులు పందిట్లో ఎన్ని దెబ్బలు తినేవి!’’ అన్నారాయన.

కళ్లకు గంతలు

ఇంతకీ తేడా తెలుస్తుందా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నన్ను నేనే పరీక్షించుకున్నాను. ఫోన్‌కు తగిలించే డిజిటల్ పెట్టె ఒకటి ఉంది, దానికి సొంత వాల్యూమ్ ఉంది. దాన్ని నేరుగా పవర్ ఆంప్‌కు కలిపితే ఒక దారి, ప్రీఆంప్ మీదుగా కలిపితే రెండో దారి. మల్టీమీటరుతో రెండు దారుల్లోనూ సౌండు సమం చేశాను. ఇది చేయకపోతే పరీక్షే కాదు, ఎందుకంటే కాస్త గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది. మా అమ్మాయి తీగలు మార్చింది, నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. ‘‘బొమ్మా బొరుసా వేసినా అంతే నాన్నా’’ అంది.

అమెరికాలో ‘స్టీరియో రివ్యూ’ పత్రిక 1987లో ఆంప్లిఫయర్లకు ఇలాంటి చాటు పరీక్షే పెట్టింది. దాదాపు 200 డాలర్ల రిసీవరు నుంచి 12 వేల డాలర్ల వాల్వు ఆంప్ దాకా ఉన్నాయి. విన్నవాళ్లు వేటినీ నమ్మకంగా విడదీసి చెప్పలేకపోయారు. ఆడియో పిచ్చివాళ్లు ఆ పరీక్షను ఇప్పటికీ క్షమించలేదు.

నేను మాత్రం రెండో పరీక్ష కూడా చేశాను. ఈసారి రికార్డుతో. ఒక దారిలో రికార్డు సిగ్నల్‌ను పెంచే మూడు వేల రూపాయల చిన్న ఫోనో పెట్టె, రెండో దారిలో నా ప్రీఆంప్‌లోని ఫోనో భాగం. పదికి పది. గోడ వైపు తిరగనక్కర్లేదు, పక్కగదిలోంచి కూడా చెప్పొచ్చు. ఘంటసాల భగవద్గీత ఎల్పీలో శ్లోకానికీ శ్లోకానికీ మధ్య చిన్న పెట్టెలో వాన కురుస్తోంది, నా పెట్టెలో గాలి మాత్రమే ఉంది. కాబట్టి తగ్గించే చోట నేను పెట్టిన డబ్బుకు రుజువు లేదు. వెయ్యి రెట్లు పెంచే చోట ఉంది. ఫోన్‌లోంచి మాత్రమే పాటలు వినేవాళ్లకు నేనైతే ప్రీఆంప్ కొనమని చెప్పను. ఆ డబ్బుతో స్పీకర్లు కొనుక్కోండి, ఒక దళసరి పరదా కొనుక్కోండి.

ఆ నాబ్ తంటా చెబుతానన్నాను కదా. మెట్ల నాబ్‌లో మెట్టుకూ మెట్టుకూ మధ్య చోటు లేదు. రాత్రి పదిన్నరకు మా హాల్లో ఏడో మెట్టు మీద గొంతు కాస్త దూరంగా ఉంటుంది, ఎనిమిదో మెట్టు మీద ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. ఏడున్నర అనేది లేదు. మొన్న రాత్రి ఎనిమిది మీద పెట్టుకుని వీణ వింటున్నాను. తలుపు వెనక నుంచి, ‘‘నాన్నా, ఏడు!’’

తిప్పాను. వేళ్లకు తాళం పడినట్టు తెలిసింది, వీణ నాలుగడుగులు వెనక్కి వెళ్లింది. లేచి ఫ్యాను ఒక పాయింటు తగ్గించాను. సోఫాలో మా ఆవిడ ఏమీ అనకుండా, టీపాయ్ కింద విసనకర్ర కోసం వెతకడం మొదలుపెట్టింది.